మా బడిలో వాయిస్ పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా అని నన్ను యంత్రాల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మన పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి బాబూ" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా పరిశ్రమల్లో పని చేసిన నాకు ఈ బడిలో నేర్చుకున్న వాటిలో ఎక్కువ పనికొచ్చింది ఏది అని ఆలోచిస్తే, లెక్కలూ కాదు, సైన్సూ కాదు. ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక చిన్న పాఠం. యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్. నవ్వకండి. ఆ పాఠం నేర్చుకున్నందుకు ఒకసారి పరీక్షలో మార్కులొచ్చాయి. సరిగ్గా నేర్చుకోనందుకు ఒకసారి ఒక మనిషి కూలి పోయింది. ఆ రెండో సంగతి చివర్లో చెబుతాను.

మా కాలంలో ఆరో తరగతిలో ఏబీసీడీలు మొదలుపెట్టేవాళ్లం. తొమ్మిదికి వచ్చేసరికి వాయిస్. అప్పటికి మేం ఇంగ్లీషులో ఒక్క వాక్యం సొంతంగా రాయలేం, కానీ ఉన్న వాక్యాన్ని తిరగెయ్యమంటే మాత్రం చకచకా తిరగేసేవాళ్లం. ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి, మధ్యలో 'వాజ్', క్రియకు మూడో రూపం, చివర్న 'బై'. అచ్చం ఆల్‌జీబ్రాలో పక్షాంతరం చేసినట్టే. 'రామా కిల్డ్ రావణా' అంటే 'రావణా వాజ్ కిల్డ్ బై రామా'. రాముడు రావణుణ్ణి చంపినన్ని సార్లు ఇంకెవరూ ఎవర్నీ చంపి ఉండరు. పరీక్షలో ఆ ప్రశ్న ఎప్పుడూ వదిలేవాళ్లం కాదు. అర్థం తెలియకపోయినా మార్కులొచ్చే ప్రశ్న అది.

అర్థం తెలియకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. 'ఐ హావ్ ఎ సైకిల్' అనే వాక్యాన్ని నేను ఎంతో శ్రద్ధగా తిరగేసి 'ఎ సైకిల్ ఈజ్ హ్యాడ్ బై మీ' అని రాశాను. సూత్రం ప్రకారం ఎక్కడా తప్పు లేదు. ప్రపంచంలో ఏ ఇంగ్లీషువాడూ అలా అనడు, అంతే.

అసలు మనకు ఈ పాఠం ఎందుకు కష్టం? మన నోట్లో పాసివ్ వాయిస్ లేదు కాబట్టి. తెలుగు వ్యాకరణంలో కర్మణి ప్రయోగం ఉంది. 'రామునిచే రావణుడు చంపబడెను' అని మనమూ చదివాం. కానీ ఇంట్లో ఎవరైనా 'అమ్మచే అన్నం వండబడింది' అంటారా? అంటే జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూస్తారు. 'బడు' మనకు కనిపించేది బోర్డుల మీద. 'సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును.' 'ఇచ్చట బట్టలు కుట్టబడును.' 'ఈ స్థలము అమ్మబడును.' ఇవి రాసిన మనిషే పక్కింటాయనతో మాట్లాడేటప్పుడు "సైకిల్ అద్దెకిస్తాను" అంటాడు. బోర్డు ఎక్కేసరికి ఆయన మాయమైపోయి సైకిల్ మిగులుతుంది. ఆఫీసు కాగితాల్లో ఇంకో వేషం: 'ఇందుమూలముగా తెలియజేయడమైనది.' ఎవరు తెలియజేశారో ఆ వాక్యాన్ని పట్టుకుని అడగలేం.

ఇలాంటి స్థితిలో మేం తొమ్మిదో తరగతిలో ఉండగా మాకు కొత్త ఇంగ్లీషు మాస్టారు వచ్చారు. మొదటి రోజు వాయిస్ పాఠానికి పుస్తకం తెరవలేదు. ఇంగ్లీషు ఒక్క ముక్కయినా మాట్లాడలేదు. బోర్డు మీద తెలుగులో మూడు వాక్యాలు రాశారు.

దారం తెంపాడు.
దారం తెంపేశారు.
దారం తెగింది.

మన ఊళ్లో దారం సంగతి చెప్పక్కర్లేదు కదా. సగం మంది పిల్లల ఇళ్లలో రాట్నమో మగ్గమో ఉండేది. మాస్టారు అడిగారు: "మొదటి దాంట్లో తెంపినవాడు కనిపిస్తున్నాడా?" కనిపిస్తున్నాడన్నాం. "రెండో దాంట్లో?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు, "ఎవుడో ఉన్నాడు సార్, గానీ ఎవుడో తెల్దు" అన్నాడు. "మూడో దాంట్లో?" "అక్కడ ఎవుడూ లేడు సార్. దానంతటదే తెగిపోనాది."

మాస్టారు చేతులు దులుపుకుని, "అయిపోయిందిరా పాఠం. ఇంక మిగిలింది ఇంగ్లీషే" అన్నారు.

తర్వాత వివరించారు. మొదటి వాక్యం యాక్టివ్. రెండో వాక్యం ఇంగ్లీషుకు వెళితే పాసివ్ అవుతుంది: 'ది థ్రెడ్ వాజ్ కట్.' చేసినవాడు ఉన్నాడు, చెప్పలేదు. మూడో వాక్యం పాసివ్ కాదు: 'ది థ్రెడ్ బ్రోక్', అంతే. అందులో 'వాజ్'కి చోటు లేదు. మనం పాసివ్ అంటే 'బడు' అనుకుంటున్నాం. మనం రోజూ మాట్లాడే తెలుగులో పాసివ్ పని చేసేది 'బడు' కాదు, పేరు చెప్పని 'ఆరు'. 'మా వీధిలో రోడ్డేశారు.' 'కరెంటు తీసేశారు.' 'వాళ్లబ్బాయికి ఉద్యోగం ఇచ్చారు.' ఎవరు వేశారు, ఎవరు తీశారు, ఎవరిచ్చారు? చెప్పం. చెప్పాల్సిన పని లేదు. ఆ వాక్యాలన్నీ ఇంగ్లీషులో పాసివ్‌కి వెళతాయి. 'ఎ రోడ్ హాజ్ బీన్ లెయిడ్ ఇన్ అవర్ స్ట్రీట్.' అంతవరకు మేం 'దే లెయిడ్ రోడ్' అని రాసేవాళ్లం. ఆ 'దే' ఎవరో మాకూ తెలియదు, చదివేవాడికీ తెలియదు.

తప్పు రాకుండా ఉండడానికి ఆయన రెండు ప్రశ్నలు ఇచ్చారు. నేటి ఉపాధ్యాయులు వీటిని రాసుకుంటే నాకు సంతోషం. తెలుగు వాక్యం తీసుకుని 'ఎవరు?' అని అడుగు. తర్వాత 'దేన్ని?' లేదా 'ఎవర్ని?' అని అడుగు. రెండు ప్రశ్నలూ ఆ క్రియకు అతికితేనే పాసివ్. ఏ ఒక్కటి అతకకపోయినా 'వాజ్' జోలికి వెళ్లకు.

'రోడ్డేశారు': ఎవరు వేశారు? దేన్ని వేశారు? రెండూ అతికాయి. పాసివ్ చెయ్యొచ్చు. 'రైలొచ్చింది': ఏది వచ్చింది అని అడగొచ్చు, కానీ దేన్ని వచ్చింది? అతకదు. కాబట్టి 'ట్రైన్ వాజ్ కేమ్' తప్పు. 'ప్రమాదం జరిగింది': ఎవరు జరిగింది? అతకదు. దేన్ని జరిగింది? అతకదు. కాబట్టి 'ది ఆక్సిడెంట్ వాజ్ హాపెన్డ్' తప్పు. ఇంక నా సైకిల్ చూడండి. 'నాకు సైకిల్ ఉంది.' ఎవరు ఉంది? దేన్ని ఉంది? రెండూ అతకవు. 'ఈజ్ హ్యాడ్ బై మీ' అని నేను ఎందుకు రాయకూడదో నా తెలుగే నాకు చెప్పింది.

ఈ పద్ధతి అన్ని చోట్లా పని చేయదు. 'రీచ్' లాంటి మాట దగ్గర తడబడుతుంది, ఎందుకంటే మనం ఊరిని చేరం, ఊరికి చేరతాం. ఇంగ్లీషు దానికి పాసివ్ ఒప్పుకుంటుంది. కానీ తొమ్మిదో తరగతి పిల్లాడికి చేతికర్రగా అది చాలు. నడక వచ్చాక కర్ర వాడే పారేస్తాడు.

'వాజ్ హాపెన్డ్' గురించి ఒక మాట. ఇప్పటికీ నా దగ్గరకు వచ్చే కుర్ర ఇంజనీర్లు, ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు కూడా, 'ది బ్రేక్‌డౌన్ వాజ్ హాపెన్డ్ ఎట్ టూ ఓ క్లాక్' అని రాస్తారు. అది అజ్ఞానం కాదు. 'జరిగింది', 'వచ్చింది', 'పడింది', 'తెగింది' అన్నప్పుడు చేసినవాడు కనబడడు. చేసినవాడు కనబడకపోతే పాసివ్ అని బడిలో చెప్పాం. పిల్లాడు పాపం ఆ మాట నమ్మి 'వాజ్' పెట్టాడు. అంటే తప్పు పాఠంలో ఉంది. చేసినవాడు కనబడకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు. ఆ తేడా మన తెలుగు క్రియల్లో ఎంత స్పష్టంగా ఉందో చూడండి: తెగు, తెంపు. విరుగు, విరుచు. కాలు, కాల్చు. ఆరు, ఆర్పు. తడియు, తడుపు. ఇంగ్లీషులో 'బ్రేక్', 'బర్న్' లాంటి మాటలు రెండు పనులూ ఒక్కటే చేస్తాయి. మనకు దేనికదే విడిగా ఉంది. ఇంత మంచి పనిముట్టు పిల్లాడి నోట్లోనే పెట్టుకుని, క్లాసులో తెలుగు మాట్లాడితే జరిమానా అంటాం.

రెండో రకం తప్పు 'వర్క్ కంప్లీటెడ్ సార్', 'లెటర్ సెంట్ సార్'. ఇందులో 'హాజ్ బీన్' ఎగిరిపోయింది. దీనికీ కారణం మన భాషలోనే ఉంది. 'అతను ఇంజనీరు' అంటే మనకు వాక్యం పూర్తయిపోయింది. 'ఈజ్' లాంటిది మనకు అక్కర్లేదు. ఇంగ్లీషులో అది లేకపోతే వాక్యం నిలబడదు. మాస్టారు దాన్ని గుడిసె మధ్యలో నిట్టాడి అనేవారు. "మూడో రూపం పైకప్పు రా. 'ఈజ్', 'వాజ్', 'బీన్' నిట్టాడి. కాలం మారితే మారేది నిట్టాడే. కప్పు మారదు." ఈజ్ వోవెన్, వాజ్ వోవెన్, విల్ బి వోవెన్, హాజ్ బీన్ వోవెన్. పన్నెండు కాలాల పట్టిక బట్టీ పట్టిన మాకు, మారేది ఒక్కటే అని తెలిసేసరికి సగం భయం పోయింది.

రెండో వారంలో ఆయన మాకు ఇచ్చిన పని, మన ఊరి ఖాదీ ఎలా తయారవుతుందో ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమని. ఇంటికెళ్లి చూసి, అడిగి, రాసుకురమ్మన్నారు. పాసివ్ వాయిస్‌కి అంతకన్నా సహజమైన చోటు లేదు. ఒక పని వరస చెప్పేటప్పుడు ఎవరు చేస్తున్నారన్నది కాదు, ఏం జరుగుతోందన్నది ముఖ్యం. పత్తి ఏరతారు, దువ్వుతారు, గింజ తీస్తారు, ఏకుతారు, వడుకుతారు, నేస్తారు. చూడండి, అన్నీ పేరు చెప్పని 'ఆరు'లే.

మర్నాడు నేను చదివిన వాక్యం ఈ బడిలో చాలా కాలం నిలిచిపోయింది. మన దగ్గర పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు కదా. నేను ఠీవిగా లేచి, 'కాటన్ ఈజ్ కోమ్డ్ బై ఎ ఫిష్' అన్నాను. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏరా, చేప మీ ఇంటికొచ్చి పీట మీద కూర్చుని పత్తి దువ్వుతోందా?" క్లాసంతా గొల్లుమంది. ఆ ఏడాదంతా నా పేరు వాలుగ.

నవ్వులు ఆగాక ఆయన చెప్పింది మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. "తెలుగులో 'తో' ఉంది, 'చేత' ఉంది. చేప దవడతో, అమ్మ చేత. పనిముట్టుకు 'విత్', మనిషికి 'బై'. మనిషికి ఇవ్వాల్సిన దాన్ని పనిముట్టుకు ఇవ్వకూడదు." తర్వాత అడిగారు: "మీ ఇంట్లో దువ్వేది ఎవరు?" అమ్మ అని చెప్పాను. "వడికేది?" అమ్మే. "మరి పది వాక్యాల్లో అమ్మ ఎక్కడా లేదేం?"

నాకు జవాబు లేదు. ఆయన అడిగింది వ్యాకరణమే. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

నూరో నంబరు నూలు గురించి మీకు తెలుసు. ఆ నంబరుకు అర్థం ఏమిటో నాకు ఇంజనీరింగులోనే తెలిసింది. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతుందో అది ఆ నూలు నంబరు. నూరో నంబరు అంటే నూరు చిలపలు, 84,000 గజాలు. పౌను అంటే అరకేజీ కూడా లేదు. అంత దారం రాట్నం ముందు కూర్చుని చేత్తో తీసిన మనిషిని, 'థ్రెడ్ ఈజ్ స్పన్' అన్న మూడు మాటలతో నేను తుడిచేశాను. వ్యాకరణం ప్రకారం అది సరైన వాక్యమే. పద్ధతి చెప్పేటప్పుడు అలాగే రాయాలి. కానీ ఆ పదింటి తర్వాత పదకొండో వాక్యం ఒకటి రాయాలని మాస్టారు ఆ రోజు నేర్పారు. 'ది థ్రెడ్ ఇన్ దిస్ క్లాత్ వాజ్ స్పన్ బై మై మదర్.' ఇంగ్లీషులో వాక్యం చివర ఉన్న మాట మీద బరువు పడుతుంది. 'బై' పెట్టి చివర చెప్పామంటే ఆ మనిషిని వేదిక ఎక్కించినట్టు. అందుకే ప్రతి పాసివ్‌కి 'బై' తోక తగిలించకూడదు. 'ది థీఫ్ వాజ్ అరెస్టెడ్ బై ది పోలీస్' అని ఎందుకు? దొంగను ఇంకెవరు పట్టుకుంటారు? 'బై' పెట్టావంటే అందుకు కారణం ఉండాలి. తీసేశావంటే అందుకూ కారణం ఉండాలి.

మన శిలాఫలకాలు చూడండి. ఏ ఊళ్లోనైనా సరే. 'ఫలానా వారిచే ప్రారంభించబడినది' అన్న చోట ఆ 'వారి' పేరు అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గోడ కట్టిన తాపీమేస్త్రికి 'చే' లేదు. 'కట్టబడినది' చాలు.

మన ప్రాంతంలో ఇలాంటి ఆలోచనకు పాత పునాది ఉంది. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పని చేశారు. 1907 ప్రాంతంలో ఈ జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర, భాషను మాట నుంచి నేర్పాలి గాని సూత్రాల నుంచి కాదని నమ్మినవాడు. తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల్లో తెలుగు ఇంకొకటీ ఎందుకున్నాయని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు వారిని, గురజాడ వారిని కదిలించింది. వ్యావహారిక భాషోద్యమం అక్కడ ఊపందుకుంది. గిడుగు వారు అక్కడితో ఆగలేదు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకున్నారు. వాళ్ల భాషలో వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. పిల్లాడి నోట్లో ఉన్న భాష మీద నిలబడి కొత్త భాషకు చెయ్యి చాపాలన్నది మన గాలిలో ఉన్న పాఠమే. మా మాస్టారు మూడు దారపు వాక్యాలతో చేసింది అదే పని.

ఇక మొదట్లో దాచిన సంగతి చెబుతాను.

ఇంజనీరింగు పూర్తయి ఒక పరిశ్రమలో చేరిన తొలి రోజులు. ఊరు, పేరు అనవసరం. రాత్రి షిఫ్టు. మరమ్మతు చేసిన ఒక నీటి పంపును మళ్లీ నడపాలి. నడిపే ముందు సక్షన్ వాల్వ్ తెరిచి ఉందో లేదో ఇంజనీరు స్వయంగా చూసి చెక్‌లిస్టు మీద సంతకం పెట్టాలి. నేను సంతకం పెట్టాను. చూడలేదు. నిద్ర, బద్ధకం, అన్నీ సరిగ్గానే ఉంటాయన్న ధీమా. పంపు నీళ్లు లేకుండా తిరిగింది. కాసేపట్లో సీలు మాడిపోయింది.

తెల్లారి రిపోర్టు రాయమన్నారు. నేను మూడు వాక్యాలు రాశాను. 'ది సక్షన్ వాల్వ్ వాజ్ నాట్ ఓపెన్డ్. ది పంప్ వాజ్ స్టార్టెడ్. ది సీల్ వాజ్ డామేజ్డ్.' మూడూ పాసివ్. మూడూ వ్యాకరణం ప్రకారం నిర్దోషం. నేను రాసింది అబద్ధం కాదు. కానీ ఆ మూడు వాక్యాల్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. చదివినవాళ్లు అందులో ఎవరినో ఒకరిని కూర్చోబెడతారు. మామూలుగా అందరికన్నా కింద ఉన్నవాణ్ణి. ఆ రాత్రి నాతో ఉన్న కాంట్రాక్టు హెల్పరును మర్నాటి నుంచి రావద్దన్నారు.

నేను అతని పేరు రాయలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కొన్ని రోజులకు అతను గేటు బయట నా కోసం నిలబడ్డాడు. మన పక్క మనిషే. కోపం కూడా లేదు గొంతులో. "బాబూ, ఆ కాయితంలో నా పేరు రాసినారా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి మీ పేరు?"

లేదు అనడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి గదిలో కూర్చుంటే తొమ్మిదో తరగతి బోర్డు కళ్ల ముందుకు వచ్చింది. తెంపాడు, తెంపేశారు, తెగింది. నేను తెంపిన దారాన్ని 'తెంపేశారు' అని రాసి, జనం చేత 'తెగింది' అనిపించుకోవాలని చూశాను. పొద్దున్నే కొత్త రిపోర్టు రాశాను. 'ఐ సైన్డ్ ది చెక్‌లిస్ట్. ఐ డిడ్ నాట్ చెక్ ది వాల్వ్.' నా జీవితంలో అన్నిటికన్నా చిన్న వాక్యాలు, అన్నిటికన్నా కష్టమైన ఇంగ్లీషు. నాకు మెమో ఇచ్చారు. అది న్యాయమే. అతన్ని పదకొండో రోజున పనిలోకి తీసుకున్నారు. ఆ రోజుల కూలి మాత్రం పోయింది.

'పోయింది' అన్నాను చూశారా. తెలుగులో కూడా ఎంత తేలిగ్గా తప్పించుకోవచ్చో! పోలేదు. నేను పోగొట్టాను. తర్వాత నేను ఆ డబ్బు ఇవ్వబోతే అతను తీసుకోలేదు. "కాయితం మార్సినారు కదా, సాలు" అన్నాడు.

అప్పటి నుంచి నా దగ్గర పని చేసే కుర్రాళ్లకు ఒక్కటే చెబుతాను. యంత్రం ఎలా నడపాలో రాసేటప్పుడు పాసివ్ రాయండి, మంచిదే. అక్కడ ఎవరు నడిపినా పద్ధతి ఒక్కటే. ప్రయోగం ఫలితాలు రాసేటప్పుడు రాయండి. చేసినవాళ్లు ఎవరో నిజంగా తెలియనప్పుడు రాయండి. కానీ ఏదైనా పాడైనప్పుడు, ఎవరికైనా నష్టం జరిగినప్పుడు, రాసినదాన్ని ఒకసారి చదువుకుని ప్రతి వాక్యాన్నీ 'ఎవరు?' అని అడగండి. జవాబు మీకు తెలిసి ఉండి కూడా కాగితం మీద లేకపోతే, ఆ వాక్యం తిరగరాయండి.

ఇప్పుడు పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు నా మనవి మూడు మాటల్లో. వాయిస్ పాఠం తెలుగులో మొదలుపెట్టండి. 'ఎవరు, దేన్ని' అన్న రెండు ప్రశ్నలు పిల్లల చేతికివ్వండి. తిరగెయ్యమనే ప్రశ్న పరీక్షలో ఎలాగూ ఉంటుంది, ఉండనివ్వండి. దాంతో పాటు పిల్లలకు తెలిసిన పని ఒకటి, మగ్గమో, మామిడికాయ పచ్చడో, వరి నాట్లో, ఇంగ్లీషులో రాయించండి. చివరగా, ఆ పని చేసే మనిషి గురించి పదకొండో వాక్యం ఒకటి అడగండి. మార్కులు వేయకపోయినా ఫర్వాలేదు. వాళ్లు ఇంటికెళ్లి అమ్మ వైపు ఒకసారి చూస్తారు.

నన్ను ఈ సభలో పరిచయం చేసినప్పుడు పెద్ద పెద్ద మాటలు అన్నారు. ఇంత చదివాడు, ఇన్ని చోట్ల పని చేశాడు అని. అవన్నీ యాక్టివ్ వాయిస్‌లో ఉన్నాయి. నా గురించి నిజమైన వాక్యం పాసివ్‌లోనే ఉంది: 'ఐ వాజ్ టాట్ హియర్.' దానికి 'బై' తప్పనిసరిగా పెట్టాలి. ఆ 'బై' తర్వాత రావాల్సిన పెద్దాయన ముందు వరుసలోనే కూర్చున్నారు. పేరు చెబితే లేచి వెళ్లిపోతానని నిన్న సాయంత్రమే హెచ్చరించారు. మాస్టారూ, పేరు చెప్పడం లేదు. మా తరగతి వాళ్లందరికీ తెలుసు. కానీ 'బై' మాత్రం వదలను. మీరే నేర్పారు.